కొట్టకుండా తిరిగే కాయలు

జూన్ 8
డాక్టరు స్కాన్ చూసి చెప్పేశాడు. అమ్మ స్వరపేటిక తీసేయాలి. నెలాఖరులో చెన్నైలో ఆపరేషన్. ఆ తర్వాత మాట రాదు. అమ్మ అంతా విని, దారిలో చేపలు కొనాలి గుర్తుచెయ్యి శ్రావణీ అంది. ముందు ఒళ్ళు మండింది, తర్వాత ఏడుపొచ్చింది.

మాయాబందర్లో ఉన్న తన చెల్లెలు కాళమ్మ పిన్నికి ఫోన్ చెయ్యమన్నాను. చెయ్యనంది. చిన్నాన్న పోయినప్పుడు మేం అడవి రోడ్డు గేటుకి చేరేసరికి ఆ రోజు ఆఖరి కాన్వాయ్ వెళ్ళిపోయింది. ఆ దారిలో బళ్ళని గుంపుగా, వేళకే వదుల్తారు. మర్నాడు వెళ్తే అంతా అయిపోయింది. అప్ప, అంటే అక్క, రాలేదని పిన్నికి కోపం. తనకోసం ఆగలేదని అమ్మకి కోపం. నాలుగేళ్ళుగా మాటల్లేవు. ముందు ఫోన్ చేస్తే తప్పు ఒప్పుకున్నట్టట.

జూన్ 9
పిన్నికి నేనే చెప్పేశాను. అప్పనే సెప్పమను, నువ్వు కాదు అని పెట్టేసింది. ఇద్దరూ ఇద్దరే. ఆ గొంతు పోకముందు పిన్ని ఒక్కసారి వినాలి. నాకింకేం వద్దు.

జూన్ 13
చిన్నప్పుడు రంగత్‌లో అమ్మా పిన్నీ అరుగు మీద సుద్దతో గళ్ళు గీసి అష్టాచెమ్మా ఆడేవాళ్ళు. అదే ఆన్‌లైన్‌లో కడుతున్నా. గవ్వలు వెయ్యడానికి ఒక బటన్, రెండు రంగుల కాయలు, ఒక రూమ్. నెట్ పోయినా ఆట ఎక్కడిదక్కడే ఉండేలా పెట్టాను. చాట్ పెట్టలేదు. పెడితే ఇద్దరూ రారు.

జూన్ 15, మధ్యాహ్నం 3
అవతల ఆడేది ఎవరో ఇద్దరికీ ముందే చెప్పాను. ముందు అమ్మ లాగిన్ అయింది. కాసేపటికి పిన్ని. నేను వంటింట్లోకి వెళ్ళి ఊరికే నిలబడ్డాను.

జూన్ 19
రోజూ ఆడుతున్నారు, ఒక్క కాయా పండట్లేదు. ఎదుటివాళ్ళ కాయని ఒక్కసారైనా కొడితేనే లోపలి గళ్ళలోకి ఎంట్రీ, అది మా ఇంటి రూల్. ఎవరు ఏ ఎత్తు వేశారో ఆట లాగ్ అంతా చూశాను. కొట్టిందే లేదు. కాయలన్నీ బయటి గళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. కచ్చితంగా బగ్.

జూన్ 20
ఫిక్స్ చేశాను. కొట్టే వీలుంటే ఇక సిస్టమే కొట్టిస్తుంది.

సాయంత్రం 5
బగ్ కాదు.

అమ్మ కాయ వెళ్ళి పిన్ని కాయని కొట్టింది. అమ్మ ఫోన్ ఒళ్ళో పడేసి, ఏటి చేసినావే అంది. మాటల్లేని మనిషిని ఎలా కొడతాం, కొట్టడానికి చనువుండాలి కదే అంది. ఇన్నాళ్ళూ ఇద్దరూ కావాలనే తప్పించి ఆడుతున్నారు. నేనొక గాడిదని. స్క్రీన్ మీద పిన్ని ఆఫ్‌లైన్.

జూన్ 22
పాత కోడ్ మళ్ళీ పెట్టాను. పిన్ని రాలేదు.

జూన్ 23, ఉదయం
పిన్ని ఫోన్. నీతో బాత్ లేదు, సీదా అప్పకియ్యి అంది. కోపమొస్తే పిన్ని మాటల్లో హిందీ కలుస్తుంది. స్పీకర్ పెట్టాను. నన్నెందుకు కొట్టినావు అని అడిగింది. నేను కాదే కాళీ, ఈ గుంట శ్రావణి పెట్టిన మెషీను కొట్టీసింది అంది అమ్మ, ఆ బొంగురు గొంతుతోనే. మరి నువ్వెప్పుడు కొడతావు అంది పిన్ని.

ఇద్దరూ ఏడ్చారు. తర్వాత గేటు గురించి, చిన్నాన్న గురించి గంటసేపు తిట్టుకున్నారు. ఇంత మంచి తిట్లు నేనెప్పుడూ వినలేదు. రికార్డ్ చెయ్యబుద్ధి కాలేదు.

జూలై 4, చెన్నై
అమ్మ మెడకి ట్యూబు. మంచం పక్కన పిన్ని. చెరో ఫోన్. అమ్మ వరసగా రెండు కాయలు కొట్టింది. పిన్ని వార్డంతా వినబడేలా తిట్టింది. అమ్మ భుజాలు కదులుతుంటే భయపడి నర్సుని పిలిచాను. నవ్వుతోందట.