డ్రాప్డ్ ఎగ్

మార్చి 3, సోమవారం

అమ్మ ఇవాళ కూడా టిఫిన్ ముట్టలేదు. కేర్ హోమ్ నర్సు మార్సీ గుమ్మంలోనే ఆపి చెప్పింది. లేచిన దగ్గర్నుంచి మీ అమ్మగారు డ్రాప్డ్ ఎగ్, డ్రాప్డ్ ఎగ్ అంటున్నారండీ, గుడ్డెక్కడ పడిందోనని మంచం కింద కూడా వెతికాం అంది. ఏమీ లేదట. ఆమ్లెట్ పెడితే ప్లేటు తోసేసిందట. లేనివి కనిపిస్తున్నాయేమో అని గొంతు తగ్గించింది.

శుక్రవారం మీటింగ్. అమ్మని పై అంతస్తుకి మారుస్తారట. అక్కడ తలుపులకి బయటి నుంచి తాళం.

మార్చి 4

డ్రాప్డ్ ఎగ్, అంది నా చెయ్యి పట్టుకుని. ఎక్కడ పడిందమ్మా అని అడిగాను. మొద్దు పిల్లని చూసినట్టు చూసింది. మతి తప్పిన మనిషి అలా చూస్తుందా? లేక ఇది నా ఆశేనా?

మార్చి 5, మధ్యాహ్నం

అమ్మ పుట్టి పెరిగిన మెయిన్ రాష్ట్రంలోనే ఉన్న లియోనా పిన్నికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. ఓసి పిచ్చి మొహమా, అది నేల మీద పడ్డ గుడ్డు కాదే, మరిగే నీళ్లలోకి జారవిడిచే గుడ్డు అంది. మీ ఒహైయో వాళ్లు పోచ్డ్ అని పోజు కొడతారే, అదే! టోస్ట్ మీద అది పడందే మీ అమ్మకి తెల్లారేది కాదు. పెళ్లయ్యాక మీ నాయనమ్మ వెక్కిరించిందని ఆ మాటే మానేసింది.

నేను పుట్టిన దగ్గర్నుంచీ అమ్మ పోచ్డ్ అనే అంది. అది అరువు మాట. అమ్మ నాతో మాట్లాడినవాటిలో ఇంకా ఎన్ని అరువు మాటలో.

మార్చి 6

తినేసింది! ప్లేటుకి అంటిన సొన కూడా టోస్ట్ ముక్కతో తుడుచుకుని తినేసింది. అయ్యో, మేమేమో తడిగుడ్డ పట్టుకుని తిరిగామే అని మార్సీ తల బాదుకుంది.

మార్చి 7

అమ్మ కింది అంతస్తులోనే ఉంటుంది, ప్రస్తుతానికి. ఒక్క మాట అర్థమైతే అన్నీ సరిగ్గా ఉన్నట్టు కాదండీ అన్నాడు డాక్టర్. నిజమే. ఇవాళ అమ్మ నన్ను రెండుసార్లు లియోనా అని పిలిచింది. మీటింగ్‌లో ఆ సంగతి చెప్పలేదు. చెప్పాల్సిందా?

మార్చి 10

డ్రాప్డ్ ఎగ్, అంది అమ్మ. ఒళ్లో ప్లేటులో ఉత్త టోస్టే ఉంది. చేస్తున్నారమ్మా అన్నాను. మళ్లీ అంది. వచ్చేస్తుందమ్మా అన్నాను. ఈసారి వేలు పెట్టి చూపించింది.

నా బూటు మీద పచ్చసొన.