నాలుగు వేళ్ల ఖాళీ

బాపూ,

సిద్దిపేట కాలేజీ నుంచి సికింద్రాబాద్ కాలేజీకి మారిపోతున్నాను! అక్కడ రెండో ఏడాదిలో ఒకే ఒక్క సీటు ఖాళీ ఉందని తెలిసి సోమవారం పొద్దున్నే ఆ కాలేజీ ఆఫీసుకు పరుగెత్తాను. దరఖాస్తు ఫోన్‌లో టైపు చేసి, ప్రింటు తీసి ఇస్తే ఆఫీసు మేడమ్ తిప్పి ఇచ్చేసింది.

"గిట్ల అంచుల దాకా నింపితే ప్రిన్సిపల్ సారు ఏడ రాయాలె బిడ్డా?"

ఎంత సిగ్గేసిందో! రెజిమెంటల్ బజార్‌లో కూర్చుని ముప్పై ఏళ్లు జనానికి దరఖాస్తులు రాసిపెట్టిన మనిషి కూతుర్ని నేను. "ఎడమ దిక్కు నాలుగు వేళ్లు ఇడువు. ఆ జాగ మనది కాదు, సారుది" అని నువ్వు ఎన్నిసార్లు చెప్పలేదు!

అక్కడే వరండాలో కూర్చుని, తెల్లకాగితం మీద మళ్లీ చేత్తో రాశాను. కారణం నీ పద్ధతిలోనే ఒక్కటే పెట్టాను: నాన్న పోయాక ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది.

మేడమ్ కాగితం చూసి నవ్వింది. "ఇప్పుడు మంచిగుంది. ఎవలు నేర్పిండ్రు?"

"మా బాపు" అన్నాను.

మధ్యాహ్నానికి సారు 'చేర్చుకోండి' అని రాసి సంతకం పెట్టారు. బన్సీలాల్‌పేట్‌లో మన ఇంటి దాకా బస్సులో నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. "హాస్టల్ల బక్కగైనవ్" అంటూ అమ్మ అప్పుడే సేమ్యా పాయసం షురూ చేసింది.

ఒక్క సంగతి, బాపూ. నా నాలుగు వేళ్లు ఆనించి చూస్తే ఆ ఖాళీ నీ కాగితాల్లో ఉన్నంత రాలేదు. నీ వేళ్లు లావు కదా. అందుకే బొటనవేలు కూడా కలిపాను. సారు రాసింది అందులో సరిగ్గా పట్టింది.