భుజం చెప్పిన జవాబు

ప్రియమైన కొట్టు యజమానురాలికి,

రాసేది నర్సమ్మ, మాటలు నావి. నిచ్చెన మీంచి పడి మెడ విరగ్గొట్టుకున్నాక చచ్చుబడిపోయిన నా రెండు చేతుల్లో కుడిది కదులుతోంది! ఫిజియో అమ్మాయి ముంజేతికి పట్టీలు అతికించి సన్నగా కరెంటు పంపుతుంది. ఒక్కో కండరం వరసగా బిగిసి, వేళ్ళు గ్లాసును పట్టుకుంటాయి. మీట మాత్రం నా దగ్గరే ఉంది. ఎక్కడుందో వచ్చి కనుక్కో చూద్దాం.

నీ ఫొటో ఫ్రేముల మేస్త్రి

ప్రియమైన శ్రీవారికి,

బస్సెక్కి వచ్చినందుకు బాగా బుద్ధి చెప్పారు. ఎన్నాళ్ళకో నా చెయ్యి పట్టుకున్నారని పొంగిపోయాను. "ఇంటికొచ్చేస్తారా? కొట్లో కూర్చుందురుగాని" అన్నానో లేదో, టక్కున వదిలేశారు! వార్డంతా చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. అంత బరువైపోయానా మీకు?

అలిగిన మీ భార్య

ప్రియమైన నీకు,

ఎంత మాటన్నావే! నేను వదల్లేదు, మెషీను మొరాయించింది. ఫిజియో అమ్మాయి పట్టీలు సరిగ్గా అతికించలేదేమో. మనసులో పెట్టుకోకు.

నీ మేస్త్రి

ప్రియమైన శ్రీవారికి,

ఇప్పటికి మనసు కుదుటపడింది. ఆ అమ్మాయి మీద పెద్ద డాక్టరుగారికి ఫిర్యాదు రాసి పడేశాను. మనిషి చెయ్యంటే ఆటబొమ్మనుకుందా?

మీ భార్య

ప్రియమైన నీకు,

ఈ కోడిగీతలు నావే. ఇది నర్సమ్మ చేత రాయించలేని మాట.

మెషీను తప్పేమీ లేదు. పెద్ద డాక్టరు నీ ఫిర్యాదు పట్టుకొచ్చి ఆ అమ్మాయిని అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. నేను గుడ్లప్పగించి చూస్తూ ఊరుకున్నాను. ఇవాళ ఇద్దరికీ నిజం చెప్పేశాను. ఆమె ఎప్పటిలాగే పట్టీలు అతికించింది. తలెత్తి చూడలేకపోయాను.

మీట నా ఎడమ భుజంలో ఉంది, దాని కదలికను బట్టే మెషీను కరెంటు పంపుతుంది. ముందుకు తోస్తే వేళ్ళు మూసుకుంటాయి, పైకెగరేస్తే తెరుచుకుంటాయి. ఏమడిగినా భుజం ఎగరేసి ఊరుకుంటానని పెళ్ళైన కొత్తలోనే తిట్టావు, గుర్తుందా? ఇంటికొస్తారా అంటే అదే చేశాను. అలవాటొక్కటే కాదు. ఈ చేత్తో మేకులు కొట్టిన కొట్లోనే ఒంటికి తీగలు చుట్టుకుని, వచ్చేపోయేవాళ్ళ ముందు నీ చేత తినిపించుకుంటూ కూర్చోవాలంటే సిగ్గేసింది. బరువు నువ్వు కాదు, నేను. ఆ మాట చెప్పలేక ఆ పిల్ల మీదకు నెట్టేశాను.

రాస్తూ రాస్తూ ఏమో అనిపించినప్పుడల్లా భుజం లేచింది, పెన్ను జారింది. ఈ సిరామరకలన్నీ అవే. ఇంకొక్కసారి రా. చెయ్యి పట్టుకుని అదే మాట అడుగు.

వస్తాను. ఈ మాట పక్కన మరక లేదు, చూసుకో.

నీ మేస్త్రి