ఆయేషా పారేసిన సుర్మా

గురజాల,
ఆదివారం.

అమ్మా,

నీ కాళ్లకు దండం పెట్టి రాస్తున్నాను. పాప, నేను, ఇంట్లో అందరం కులాసా. నాన్న మోకాలి నొప్పి తగ్గిందో లేదో నువ్వు చెప్పనే లేదు. నా సంగతి నీకు తెలుసుగా, నోటితో చెప్పబోతే సగంలోనే ఆగిపోతాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

పాలు సరిపోతున్నాయా అని అడిగావు. ఇప్పుడు సరిపోతున్నాయి. మొదట్లో పాప ఏడుస్తుంటే నేనూ ఏడ్చేదాన్ని. సాయంత్రాలు పక్కింటి కృపమ్మ పిన్ని అరుగు మీద వీధిలోని చంటిపిల్లల తల్లులంతా చేరతారు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకుంటారు. నేను మూలన కూర్చుని వినేదాన్ని. పాపను రొమ్ముకు ఎలా ఆనించాలో చూపించింది ఆయేషానే. ఆమె కొడుక్కి నాలుగో నెల. "బిడ్డకేమో ఆకలి, నీకేమో సిగ్గు. ఎట్టా కుదురుద్దక్కా?" అని నవ్వించింది.

ఆ అరుగు మీద ఒక కట్టుబాటు ఉంది. పాలిచ్చే తల్లి మిరప పని ముట్టకూడదు. ఎంత కడిగినా చేతుల ఘాటు పోదంటారు. ఆ పనికి పోవట్లేదు కదా అని నువ్వూ అడిగావు. దానికి జవాబు రాయలేకే ఇన్నాళ్లు ఆగాను.

పోయిన వారం మిరపకాయలు మార్కెట్ యార్డుకు పంపాలని అత్తమ్మ ఒక్కతే రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. తను రమ్మనలేదు, చూస్తూ ఉండలేక నేనే కూర్చున్నాను. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని అరుగు మీదికి వెళ్లాను. ఆయేషా తన కొడుకును నా ఒళ్లో పెట్టి మంచినీళ్లకు లేచింది. వాడి కళ్లలో పుసి ఉంటే వేలితో తుడిచాను. గుక్కపట్టి ఏడ్చాడమ్మా. కళ్లు రెండూ ఎర్రగా వాచాయి.

"ఏం పెట్టావే కళ్లకి?" అంది కృపమ్మ పిన్ని.

"మా నాయనమ్మ ఇచ్చిన సుర్మా పిన్నీ. రోజూ పెట్టేదే."

"అదీ సంగతి! పసోడికి సుర్మా ఏందే, బుద్ధుందా?"

అందరూ తలో మాట అన్నారు. నేను చేతులు కొంగులో దాచుకున్నాను.

డాక్టరు చుక్కల మందు వేశాక వాడి కళ్లు బాగయ్యాయి. బాగుపడనిది వాళ్ల ఇల్లే. ఆయేషా ఆ సుర్మా సీసాను మురుగుకాలవలో పారేసింది. హజ్ నుంచి దాన్ని తెచ్చిన వాళ్ల నాయనమ్మ ఖాతూన్ బీ, ఆయేషాతో మాటలు మానేసింది. ఆయేషా అరుగు మీదికీ రావడం లేదు. నిన్న మా గుమ్మం ముందు నుంచి పోతూ పాప కాటుక చూసి ఆగింది.

"తుడిచెయ్యక్కా. నేను చేసిన తప్పు నువ్వు చెయ్యమాక" అంది.

నేను తలూపాను.

ఈ ఉత్తరం పోస్టులో వేసి, అటునుంచి అటే వాళ్లింటికి వెళ్దామనుకుంటున్నాను. ముందు ఖాతూన్ బీకి చెప్పాలి. ఆ తర్వాత అరుగు మీద, అందరి ముందూ. కానీ గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చేస్తానేమో. ఇది చేరిన రోజు ఫోన్ చెయ్యమ్మా. పాప ఎలా ఉందని అడగక ముందే, "చెప్పావా?" అని అడుగు.

ఇట్లు,
నీ చిన్నమ్మాయి
రోహిణి