చేప ఉన్న తలుపు

మా వీధికి కొత్తగా వచ్చిన పోస్టుమాన్ తమ్ముడికి,

"ఈ నంబరు ఇల్లు లేదు" అని మొన్న నువ్వు తిప్పి పంపిన ఉత్తరం మా అత్తగారిది. చెప్పాపెట్టకుండా ఇల్లు మారిపోయామని ఆవిడ ఫోన్ చేసి మరీ అలిగారు. తప్పు నీది కాదులే. తలుపు మీద నంబరు ఉండాల్సిన చోట ఇప్పుడు నీలం చేప ఉంది. రంగు డబ్బాకి నేను మూత సరిగ్గా పెట్టలేదు. మిగతా పని మా నాలుగేళ్ల పిల్ల చూసుకుంది.

నేను బోర్డులు రాసేవాణ్ణి. ఈ వీధిలో సగం కొట్ల పేర్లు నా చేతిరాతే. "ఊరందరికీ రాస్తారు, మన గుమ్మానికి ఒక్క నంబరు రాయలేరా?" అని మా ఆవిడ దెప్పితే కుంచె పట్టుకుని వెళ్లాను. పిల్ల తలుపుకి అడ్డంగా నిలబడి, "రంగేస్తే దానికి ఊపిరాడదు నాన్నా" అంది. కుంచె కడిగేసి లోపలికొచ్చాను.

పక్కన రాయొచ్చుగా అంటావేమో. అక్కడ చేపకి పిల్లలు పుడతాయట, చోటు ఉంచమంది.

సంగతి విన్నాక అత్తగారి అలక తీరింది. ఈసారి కవరు మీద నంబరు బదులు చేప గీసి పంపుతారట. అది నా చేతికివ్వకు తమ్ముడూ. గుమ్మంలో నీకోసం కాచుకుని కూర్చున్న మనిషికివ్వు. ఇంకా అక్షరమ్ముక్క రాదు గానీ, ఆ ఉత్తరం ఎవరిదో తనకి తెలుస్తుంది.

ఇట్లు,
చేప వాళ్ల నాన్న