మూడో పిలుపు

చేవెళ్ల,
ఆగస్టు 2005.

అత్తమ్మకు మీ కోడలు కన్యక దండం పెట్టి రాస్తున్నది.

ఫోన్ చేస్తే మీ కొడుకే ఎత్తుతాడు, అందుకే ఉత్తరం. కండ్లద్దాలు పెట్టుకుని నిదానంగా చదవండి.

నిన్నటి వాయిదాలో నన్ను బోనెక్కించారు. ఆయన వకీలు మొదటి ప్రశ్నే "నీ భర్త పేరు చెప్పమ్మా" అన్నాడు. నాకు నోరు రాలేదు. పెండ్లినాడు గడపలో ఆపి మీరంతా ఏడిపిస్తే ఒక్కసారి చెప్పిన పేరు, మళ్లీ పలికింది లేదు. చివరికి మా వకీలు సాముయేలు గారే చెప్పారు. వెనక భూముల కేసుల వాళ్లు నవ్వారు. ధరలు లేచినప్పటి నుంచి అన్నదమ్ములందరి కాపురం ఆ వరండాలోనే కదా. వాళ్లు నవ్వినందుకు నాకు కోపం రాలేదు. తర్వాతి మాటకు వచ్చింది.

"అకారణంగా భర్తను విడిచిపోయి రెండేండ్లు దాటింది." విడాకుల అర్జీలో ఆయన అట్లా రాయించాడు. నేను విడిచిపోయానా అత్తమ్మా? బతుకమ్మకని తనే బండి మీద తెచ్చి మా వాకిట్లో దించాడు. పండుగ అయినంక తీసుకపోవడానికి రావాలి కదా! ఫోన్ చేసినప్పుడల్లా "ప్రాజెక్టు ఒడవనియ్యి, వస్త" అన్నాడు. నేను సంచి సర్దుకుని కూర్చున్నాను. ఆ ఎదురుచూపులన్నీ కూడబెట్టి, విడిచిపోవడమని పేరు పెట్టాడు. జడ్జిగారు కూడా అడిగారు, "మొయినాబాద్ ఎంత దూరమని? నువ్వే బస్సెక్కి పోవచ్చు గదా?" అని. పిలవని ఇంటి ముందు సంచితో దిగిన కోడలిని మన బజారులో ఏమంటారో ఆయనకెట్లా తెలుస్తుంది? "తీసుకపోనీకి రావాలె సార్" అన్నాను. రాసుకున్నారో లేదో.

అసలు సంగతి మా అమ్మకు కూడా చెప్పలేదు, మీకే చెబుతున్నాను. ఆ పండుగకు ముందు ఆయన ఆఫీసువాళ్లు మాదాపూర్‌లో విందు పెడితే నన్ను తీసుకుపోయాడు. ఎవరో ఇంగ్లీషులో ఏదో అడిగారు, నేను నవ్వి ఊరుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద "నిన్ను తోల్కపోవుడు నాదే తప్పు" అన్నాడు.

అయినా విడాకులకు ఒప్పుకోను. ఒప్పుకుంటే నేను విడిచిపోయానన్నది నిజమైపోతుంది. మిమ్మల్ని సాక్ష్యానికి పిలుద్దామన్నారు సాముయేలు గారు. కొడుకు మీద తల్లిని నిలబెట్టనని చెప్పాను. ఆయన నవ్వి, "ఇగ నిన్ను దేవుడే గెలిపియ్యాలె. బంట్రోతు మూడుసార్లు పిలిచినా నీ భర్త రాలేదనుకో, కేసు కొట్టేస్తరు" అన్నారు. సోమవారమే మళ్లీ వాయిదా. భయంగా ఉంది అత్తమ్మా.

మీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది?

మీ కోడలు,
కన్యక

చేవెళ్ల,
సెప్టెంబర్ 2005.

అత్తమ్మా,

బండి తాళంచెవి బియ్యం డబ్బాలో దాచింది మీరేనని తెలిసిపోయింది!

సోమవారం బంట్రోతు వరండాలోకి వచ్చి ఆయన పేరు పిలిచాడు. జవాబు లేదు. ఆయన వకీలు పట్నంలో వేరే కేసుకు పోయాడట. మళ్లీ పిలిచాడు. సాముయేలు గారు నా చెవి దగ్గర "గెలిచినవ్ బిడ్డా" అన్నారు. అప్పుడే గేటు దగ్గర ఆయన బండి దిగడం చూశాను. మధ్యలో జనం. పిలుపు వినపడినట్టు లేదు, పక్క హాలు వైపు నడుస్తున్నాడు.

నేను నోరు మూసుకుంటే చాలు, గెలుస్తాను. గెలిచి? మళ్లీ సంచి సర్దుకుని, మా వాకిట్లో మొయినాబాద్ బస్సు చూస్తూ కూర్చుంటాను. పేరుకు భార్యనే, ఆయన మాత్రం రాడు. బంట్రోతు మూడోసారి నోరు తెరిచేలోపు నేనే అరిచాను.

"కాశీనాథ్!"

వరండా అంతా తిరిగి చూసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన నిలబడిపోయాడు. "ఇటు రా, పిలుస్తున్నరు" అన్నాను. రా అన్నాను అత్తమ్మా, మీరేమనుకున్నా సరే.

లోపలికి పోయి జడ్జిగారితో చెప్పాను. "నాకు విడాకులు కావాలె సార్. గని నేను విడిచిపోలేదు. దించిపోయినోడు మళ్ల రాలేదని ఈయన నోటితోని చెప్పాలె. అప్పుడే సంతకం పెడుత." జడ్జిగారు ఆయన వైపు చూశారు. ఆయన "నేనే పోలేదు సార్, తీసుకరానీకి" అన్నాడు. రాసుకోవడం కళ్లారా చూశాను. పాత అర్జీ వాపసు తీసుకుని ఇద్దరం కలిసి కొత్తది వేయాలట, ఇంకో ఆరు నెలలు ఆగాలట. ఆగుతాను.

బయట "ఎందుకు లేటయింది?" అని అడిగితే తాళంచెవి సంగతి చెప్పాడు. "అమ్మ కూడ నాతోపాటు ఇల్లంత దేవులాడింది, ఆఖరికి బియ్యంల దొరికింది" అన్నాడు పాపం. నాకు నవ్వు ఆగలేదు, ఆ తర్వాత ఏడుపూ ఆగలేదు. నాకోసం కన్నకొడుకునే ఇంట్లో ఆపాలని చూశారు మీరు. ఆ గెలుపును నేనే చెడగొట్టుకున్నాను, కోపం చేసుకోకండి.

బతుకమ్మకు మొయినాబాద్ వస్తున్నాను, మిమ్మల్ని చూడటానికి. తీసుకపోవడానికి ఎవరినీ పంపకండి. బస్సెక్కి నేనే వస్తాను.

మీ
కన్యక