మిట్ట మీదా, పల్లంలోనా

నవంబర్ 20, గురువారం

లీలాకుమారి మేడమ్‌కు మగ్గం వర్క్‌లో ఒక్కొక్క పూసా విడివిడిగా కనపడాలట. నేను ఫోన్‌తో తీసిన బ్లౌజ్ ఫోటోలు చూసి మొహం చిట్లించింది. సైనిక్‌పురిలో బొటీక్ నడిపే ఆవిడకు చిన్నవాటిని పెద్దగా చూపే మాక్రో లెన్స్ ఖరీదెంతో తెలియదు కాబోలు. నా దగ్గరున్నది పాత కెమెరా, ఒకే ఒక్క 50 ఎం.ఎం. లెన్స్.

నెట్‌లో చూసి ఒక రింగ్ తెప్పించాను. దాంతో లెన్స్‌ను వెనక్కి తిప్పి బిగించవచ్చు. ఆటోఫోకస్ ఉండదు. లెన్స్ వెనక ఉన్న చిన్న మీటలో అగ్గిపుల్ల ముక్క ఇరికించకపోతే అంతా చీకటే. ఫోకస్ కావాలంటే నేనే మెల్లగా ముందుకీ వెనక్కీ ఊగాలి. ఊపిరి పీల్చినా బ్లర్. అయినా సరే, పంచదార పలుకు ఫ్రేమ్ నిండా వచ్చింది! పిచ్చి పట్టినదానిలా ఇల్లంతా తీశాను. ఉప్పు, కరివేపాకు, తలుపు గొళ్ళెం.

స్వామి కొట్టు నుంచి వచ్చి, స్నానం చేసి, దేవుడి ముందు సాష్టాంగపడ్డాడు. అరికాళ్ళు రెండూ నా ముందే ఉన్నాయి. పగిలిన మడమ మంచి టెక్స్చర్ కదా అని వాటినీ క్లిక్‌మనిపించాను.

అయ్యప్ప మాలలో ఉన్నన్నాళ్ళూ మొగుణ్ణి విజయేందర్ అనకూడదు, స్వామి అనాలి. నన్ను మాత అంటాడు. చాప వేరు, గిన్నెలు వేరు. ఏటా ఉండే తంతే, కానీ ఈసారి హడావుడి ఎక్కువ. ఇది పద్ధెనిమిదో ఏడు. పద్ధెనిమిదోసారి కొండెక్కినవాడు గురుస్వామి అవుతాడు, అక్కడ కొబ్బరి మొక్క నాటుతాడు. ఆ మొక్క అప్పుడే మా బాల్కనీలోకి వచ్చి కూర్చుంది.

నవంబర్ 21

ఫోటోలు లాప్‌టాప్‌లో వేశాను. కుడి మడమ పక్కన నల్లటి మచ్చ. తడి కాగితం మీద ఇంకు పడితే పాకినట్టు అంచులు. మురికేమో అనుకున్నాను. స్నానం చేసి వచ్చిన కాలికి మురికేంటి?

అడిగాను. చెప్పు కరిసిందేమో, రెండేళ్ళ సంది ఉంది అన్నాడు. రోజూ ఉత్తకాళ్ళతోని రెజిమెంటల్ బజార్ల కొట్టుకు పోతున్న, నల్లగ గాకపోతే తెల్లగుంటదా మాతా అని నవ్వాడు.

రెండేళ్ళు. ఒకే ఇంట్లో ఉండి నేనెప్పుడూ చూడలేదు. అరికాలిని ఎవరు చూస్తారు?

నవంబర్ 24, సోమవారం

మేడమ్ వాళ్ళమ్మాయి మాధురి స్కిన్ డాక్టర్. బ్లౌజ్ ఫోటోలు ఇవ్వడానికి వెళ్ళి, ఊరికే అడుగుతున్నట్టు ఆ మచ్చ కూడా చూపించాను. అప్పటిదాకా అమ్మ మీద జోకులేస్తున్న పిల్ల నవ్వు ఆపేసింది.

ఫోటో చూసి ఏదీ చెప్పకూడదండీ, ఆయన్ని తీసుకురండి అంది. వదల్లేదు నేను. అప్పుడు నా వేలు పట్టుకుని చూపించింది. వేలిముద్రల్లో గీతలున్నట్టే అరికాల్లోనూ ఉంటాయట. మిట్ట, పల్లం, మిట్ట, పల్లం. నలుపు పల్లాల్లో ఉంటే చాలాసార్లు మామూలు మచ్చే. మిట్టల మీద ఉంటే మాత్రం అస్సలు ఆగకూడదండీ, చిన్న ముక్క కోసి టెస్ట్‌కి పంపాలి అంది. నా ఫోటోలో అంత క్లియర్‌గా లేదు.

క్యాన్సరా అని అడిగాను. టెస్ట్ చెయ్యకుండా ఆ మాట నేను అనను, మీరూ అనకండి అంది.

అదే రోజు, సాయంత్రం

చెప్పాను. విన్నాడు. మాల తీసినంక చూద్దాం అన్నాడు.

అరిచాను. దీక్షలో ఉన్న మనిషి మీద అరవకూడదని తెలిసీ అరిచాను. కాలు కోపిచ్చుకుంటే కొండ ఎట్లెక్కుత, పద్ధెనిమిదో ఏడు చెప్పులేసుకొని ఎక్కాల్నా అన్నాడు. డిసెంబర్ 24న రైలు, నెల రోజుల్ల ఏమైతది, పరేషాన్ గాకు మాతా అన్నాడు. కాలు చూపించమంటే పంచె కిందికి లాక్కుని, శంక పెట్టకు అన్నాడు.

నాకు ఒక్క మంచి ఫోటో కావాలి. మామూలు మచ్చే అని తేలితే నోరు మూసుకుంటాను, హాయిగా వెళ్ళి మొక్క నాటుకుంటాడు. కాదంటే గొంతు మీద కూర్చునైనా తీసుకెళ్తాను.

నవంబర్ 27

ఇక మిగిలింది సాష్టాంగమే. స్నానమయ్యాక, కాళ్ళు శుభ్రంగా ఉన్నప్పుడు, ఆయన బోర్లా పడుకుని శరణు చెప్పుకునే ఆ కాసేపు. వెనక పీట మీద కూర్చుని, వంగి, మడమకు నాలుగు వేళ్ళ దూరంలోకి లెన్స్ తీసుకెళ్ళాలి. దీపం వెలుగు చాలదు. ఫోన్ టార్చ్‌కు టిష్యూ చుట్టాను. నీటి తడి మీద వెలుగు పడి అంతా తెల్లగా వచ్చింది.

పూజలో ఏంది మాతా గీ టార్చ్ అన్నాడు. రింగ్ టెస్ట్ చేస్తున్నానన్నాను. దేవుడి ముందు అబద్ధం.

డిసెంబర్ 1

బ్లర్.

డిసెంబర్ 2

మళ్ళీ బ్లర్. ఊపిరి బిగబట్టి బిగబట్టి కళ్ళు తిరిగాయి.

డిసెంబర్ 4

ఇవాళ ఒక అంచు షార్ప్‌గా వచ్చింది. మచ్చ లేని వైపు! కెమెరా గోడకేసి కొట్టాలనిపించింది. వెంట్రుక మందం మేరే ఫోకస్‌లో ఉంటుంది, మిగతాదంతా మంచు. మాధురి మెసేజ్ పెట్టింది: ఫోటో సంగతి వదిలేసి మనిషిని తీసుకురండి. మనిషి వస్తే ఫోటో ఎందుకు తల్లీ.

డిసెంబర్ 6, శనివారం

బిక్షం గురుస్వామి ఇంట్లో పడిపూజ. మా స్వామికి పదిహేడేళ్ళ కిందట మొదటి మాల వేసింది ఆయనే. ఫోటోలు నువ్వే తియ్యాలి మాతా అని ముందే చెప్పాడు. హాలు నిండా నల్ల బట్టలు. మెట్ల మీద దీపాలు, కర్పూరం పొగ, డప్పులు. షట్టర్ చప్పుడు ఎవరికీ వినపడదు.

అందరూ ఒక్కసారిగా నేల మీద పడ్డారు. హాలంతా అరికాళ్ళే. నేను కూడా స్వామి వెనక బోర్లా పడుకున్నాను. చూసినవాళ్ళకు భక్తిలా కనిపించి ఉంటుంది. మోచేతులు నేలకు ఆనించాను. ఇన్నాళ్ళూ నాకు లేనిది ఆ ఆసరానే. కెమెరా వణకలేదు. ఊపిరి ఆపి, బటన్ నొక్కి పట్టి, కొద్ది కొద్దిగా ముందుకు జరిగాను. పక్క స్వామి కాలు తగిలి లెన్స్ గ్లాస్ మీద గీత పడింది. పడితే పడనీ.

ఇంకా చూడలేదు. చూడాలంటే భయంగా ఉంది.

డిసెంబర్ 7, ఆదివారం

అన్నీ బ్లరే, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ చూశాను. నాకు తెలిసిపోయింది. తెలియనట్టు కూర్చున్నాను. నా కళ్ళు నన్ను మోసం చేస్తున్నాయేమో, లాప్‌టాప్ తెర చిన్నదేమో అని టీవీకి పెట్టాను. మాధురికి పంపాను. జవాబు ఇంకా రాలేదు.

అంతలో స్వామి మధ్యాహ్నం భిక్షకు వచ్చాడు. ఆకు ముందు కూర్చుంటూ టీవీ వైపు చూశాడు. గీ చెల్క యాడిది మాతా అన్నాడు. డ్రోన్‌తోని తీసిండ్రా అన్నాడు. ఆలేరు దగ్గర పసుపు పండించిన ఇంట్లో పుట్టిన మనిషి, చేనే అనుకున్నాడు. లేచి దగ్గరికి వెళ్ళి తెర మీద వేలు పెట్టాడు. కాల్వలు సాఫ్ ఉన్నయి, నడుమ ఎత్తుగున్న బోదెల మీద మన్నే నల్లగైంది సూడు, ఏదో రోగం తలిగింది గీ భూమికి అన్నాడు.

అది నీ కుడి మడమ అన్నాను.

చాలాసేపు వేలు తెర మీదే ఉంచాడు. తర్వాత కూర్చుని కాలు పైకి తిప్పి చూసుకోబోయాడు. సరిగా కనపడలేదు. ఎప్పుడు తీసినవ్ అన్నాడు. చెప్పాను. నేను అయ్యప్ప ముంగట పడుకున్నప్పుడు నువ్వు నా ఎనుక దొంగతనం చేసినవా అన్నాడు.

అవును అన్నాను.

భిక్ష ముట్టకుండా వెళ్ళిపోయాడు. మాధురి ఫోన్ చేసింది. రేపే రమ్మంది.

డిసెంబర్ 8

కొట్టుకు వెళ్ళాడు. మాధురి దగ్గరికి వెళ్ళలేదు.

డిసెంబర్ 9

పూజ గది తలుపు వేసుకుని చేశాడు. నేను బయట నిలబడి ఏడ్చాను. దేవుడి మీద, మొక్క మీద, ఆ పద్ధెనిమిది అనే అంకె మీద కోపం వచ్చింది. రేపు కూడా రాకపోతే ఏం చేస్తానో నాకు తెలియదు.

డిసెంబర్ 10, బుధవారం

పొద్దున బండి తీసి, కూర్చో అన్నాడు. ఎక్కడికో చెప్పలేదు. బిక్షం గురుస్వామి ఇంటికి.

ఫోన్‌లో ఫోటో ఆయనే చూపించాడు. బోదెల మీదనే ఉంది గురుస్వామీ అన్నాడు, నాతో అన్నట్టే. ముసలాయన అద్దాలు పెట్టుకుని చూసి, నన్ను తిడతాడనుకుంటే, మెట్లు యాడికి పోతయిరా, కాలుంటే వచ్చే ఏడు ఎక్కుతవ్ అన్నాడు. మాల తీస్తుంటే స్వామి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు జాలేసింది, అంతకంటే ఎక్కువ నిశ్చింత కలిగింది, ఆ నిశ్చింతకు సిగ్గూ వేసింది.

బయటికి వచ్చాక, హిమా, ఏ దవాఖాన అన్నాడు. చాలా రోజులకు నా పేరు విన్నాను.

డిసెంబర్ 17

కోసిన ముక్కకు రిపోర్ట్ వచ్చింది. అదే, మాధురి అననన్న మాటే. కానీ లోతుకు పోలేదట. చుట్టూ కొంచెం ఎక్కువ తీసేస్తే చాలు అనుకుంటున్నారు. మీరు కొండెక్కి వచ్చేదాకా ఆగుంటే అని మాధురి మొదలుపెట్టి, ఆపేసింది.

డిసెంబర్ 24

ఆపరేషన్ అయి మూడో రోజు. కాలు దిండు మీద. శబరి ఎక్స్‌ప్రెస్ టైమ్‌కు టీవీ పెట్టుకుని ఇద్దరం ఏమీ చూడలేదు. దేనికో నన్ను విసుక్కున్నాడు. విసుక్కోనిచ్చాను.

జనవరి 19

కట్టు విప్పారు. అంచులన్నీ క్లీన్ అని రిపోర్ట్. ఇంటికొచ్చి విజయేందర్ తనే బోర్లా పడుకున్నాడు. తియ్యి, ఎట్లుందో నేను గూడ సూస్త అన్నాడు.

ఊపిరి బిగబట్టడం మర్చిపోయాను. బ్లర్ వచ్చింది. ఉంచుకున్నాను.